మారు తాళంచెవి

తాళాల మేస్త్రికి ఒక మొండిపట్టు ఉంది. బిగించిన తాళానికి ఎన్ని చెవులుంటే అన్నీ సొంతదారు అరచేతిలో లెక్కపెట్టి పెడతాడు. ఒక్కటి కూడా తన దగ్గర ఉంచుకోడు. "మారు తాళంచెవి మీ దగ్గరే ఉండనివ్వండి మేస్త్రీ, మేం అసలే మతిమరుపు మనుషులం" అని ఎవరైనా బతిమాలితే ఆయన మొహం ముడుచుకుపోతుంది. "మీ మతిమరుపుకి నన్ను కాపలా పెట్టకండి" అనేసి సంచీ భుజాన వేసుకుని వచ్చేస్తాడు. ఆయన కొట్టు గోడనిండా తాళంచెవులే గానీ అన్నీ ఇంకా పళ్ళు కోయనివి, ఏ తలుపుకీ చెందనివి. ముప్పై ఏళ్ళలో ఆయన మీద ఒక్క మాట రాలేదంటే ఆ పట్టే కారణం. ఇంట్లోవాళ్ళు మాత్రం దాన్ని చాదస్తం అంటారు.

సోమవారం పొద్దున పక్కకొట్టు ఊలక్క పిలిచింది. పదకొండేళ్ళుగా ఆ గదిలో ఊలు, దారాలు, అల్లిక సూదులు అమ్ముతోంది కాబట్టి వీధి మొత్తానికి ఆమె ఊలక్కే. తనకన్నా ఆరేళ్ళు చిన్నదైనా మేస్త్రి కూడా అలాగే పిలుస్తాడు.

"షట్టరు తాళం, బీరువా తాళం, కౌంటరు సొరుగు తాళం. ఈ మూడూ ఊడదీసి ఇవ్వండి మేస్త్రిగారూ. గది ఓనరుదే గానీ తాళాలు నావి" అంది.

మేస్త్రి షట్టరు ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. కింది స్క్రూ తుప్పుపట్టి కదల్లేదు. రెండు చుక్కలు నూనె వేసి అది నానేదాకా ఆగాడు. లోపల అరలన్నీ ఖాళీగా ఉన్నాయి. నాలుగు అట్టపెట్టెలు మాత్రం తాడు కట్టి ఉన్నాయి.

"ఖాళీ చేసేస్తున్నారా అక్కా?"

"అద్దె ఎక్కడినుంచి తెమ్మంటారు? ఉన్నదంతా ఆ కంపెనీలో ఉండిపోయె" అంది ఊలక్క. కూడబెట్టిన డబ్బుతో క్రిప్టో కాయిన్లు కొని, కొన్న కంపెనీ దగ్గరే దాచుకుంది. ఒకరోజు 'కొద్దిరోజులు విత్‌డ్రాయల్స్ ఉండవు' అన్నారు. తర్వాత 'మీ ఖాతా పరిశీలనలో ఉంది' అన్నారు. ఎనిమిది నెలలైంది. ప్రతి సోమవారం ఫోన్ చేస్తుంది. సంగీతం వినిపిస్తారు, ఓపికకి ధన్యవాదాలు చెబుతారు, పెట్టేస్తారు. "చూడండి, తాళాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. చెవులూ నా దగ్గరే ఉన్నాయి. డబ్బే ఎక్కడుందో తెలీదు" అని నవ్వింది.

మేస్త్రికి నవ్వు రాలేదు. "దానికి తాళంచెవి లాంటిదేదీ మీకివ్వలేదా?"

"పాస్‌వర్డ్ ఇచ్చారుగా."

"అది తలుపు తట్టడానికి. తీసేది వాళ్ళేగా!" అన్నాడు. ఒళ్ళు మండింది ఆయనకి. ఒక మనిషి సొత్తు ఇంకొకడి జేబులో పెట్టించి, పైగా ఓపికకి ధన్యవాదాలట! ఆ కోపంలో స్క్రూ ఒక్క తిప్పుకి ఊడి వచ్చింది.

మూడు తాళాలూ గుడ్డలో చుట్టి ఇస్తుండగా మేస్త్రి చెల్లెలు పరుగులాంటి నడకతో వచ్చింది. ఆమె పని క్రోషే అల్లికలకి నమూనాలు తయారుచేయడం. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వాటిని కొని కాయిన్లలో డబ్బు పంపిస్తారు. నాలుగేళ్ళ కష్టం అది. వంటింటి బల్లమీద ఒక మూల కూర్చుని, అన్నాల వేళకల్లా ఊలుండలన్నీ ఎత్తి బుట్టలో పడేసి, అందరూ లేచాక మళ్ళీ పరుచుకుని సంపాదించింది. ఊలక్క గది ఖాళీ అవుతోందని తెలిసినప్పటినుంచీ ఆమె ప్రాణం దానిమీదే ఉంది. అడ్వాన్సు శనివారంలోగా ఇమ్మన్నాడు ఓనరు.

"అన్నయ్యా, ఇది చూడు" అని ఫోన్ చూపించింది. ఆమె కాయిన్లున్నది వేరే కంపెనీ. మరమ్మతుల కారణంగా శుక్రవారం సాయంత్రం ఐదు నుంచి కొద్దిరోజులు విత్‌డ్రాయల్స్ ఉండవని సందేశం.

ఊలక్క మెడ చాచి చదివింది. ఆమె మొహంలో నవ్వు పోయింది. "నాకూ మొదట ఇదే వచ్చిందమ్మా" అంది.

*

మంగళవారం సాయంత్రం వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. చెల్లెలి మొగుడు, అంటే మేస్త్రికి బావగారు, బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఆయన దగ్గర సలహా లేని విషయమంటూ భూమ్మీద లేదు.

"అన్నీ అమ్మేసి బ్యాంకులో వేసుకుంటే గొడవ వదిలిపోతుందిగా" అన్నాడు మేస్త్రి.

"ధర బాగా పడిపోయి ఉంది అన్నయ్యా. అడ్వాన్సుకి సరిపడా మాత్రం అమ్ముతాను. మిగతావీ ఇప్పుడే అమ్మేస్తే, కొనాలనుకున్న అల్లిక మిషనుకి చాలదు."

"అందుకే కదా తెచ్చాను!" అని బావగారు జేబులోంచి ఒక చిన్న పెట్టె తీసి బల్లమీద పెట్టాడు. "హార్డ్‌వేర్ వాలెట్. కాయిన్లు కంపెనీలో కాకుండా మన చేతిలో ఉంటాయి. సగం ధరకే ఇప్పించాడు మా డిపో దగ్గర తెలిసినతను."

చూడ్డానికి వేలెడంత ఉంది. చెల్లెలికి నెత్తిన పాలు పోసినట్టయింది. పెట్టెలో పరికరంతోపాటు ఒక కార్డు కూడా ఉంది. దానిమీద ఇరవైనాలుగు ఇంగ్లీషు మాటలు వరసగా, శుభ్రంగా అచ్చువేసి ఉన్నాయి.

"ఇవేంటి?" అన్నాడు మేస్త్రి.

"అవే అసలు సంగతి" అంది చెల్లెలు. రెండు రోజులుగా ఆమె ఇవే చదువుతోంది. "ఈ పరికరం పోయినా, పగిలినా పర్వాలేదు. ఇంకోటి కొని ఈ మాటలు వరసగా కొడితే కాయిన్లు మళ్ళీ వచ్చేస్తాయి. ఎవరి దగ్గర ఈ మాటలుంటే వాళ్ళవే కాయిన్లు."

"మనం రాసుకునే శ్రమ కూడా లేకుండా ముందే రాసిచ్చాడు చూశారా బావా, ఎంత మర్యాదో!" అన్నాడు బావగారు.

మేస్త్రి కార్డు చేతిలోకి తీసుకోలేదు. బల్లమీద ఉన్నదాన్నే కాసేపు చూశాడు.

"అంటే తాళంచెవి ఈ మాటలన్నమాట. ఈ పరికరం ఉత్త తాళం."

"అలాగే అనుకో."

"మరి ఈ తాళంచెవి ఎవరు చేశారు?"

బావగారు కార్డు తిప్పి వెనకవైపు చూశాడు.

"నేను ఒకరింటికి తాళం బిగించి, చెవి చేసి ఇచ్చాననుకోండి. ఇచ్చేముందు నేను దానికి మారు చెవి చేసుకున్నానో లేదో వాళ్ళకెలా తెలుస్తుంది? నా మొహం చూసి నమ్మాలి. ఈ కార్డు అచ్చువేసినవాడి మొహం మనలో ఎవరు చూశారు?"

"సీలు వేసే ఉంది బావా!"

"సీలుదేముంది, నాలుగు సీళ్ళు నేనే వేసిస్తాను" అన్నాడు మేస్త్రి. ఆ మాట కొంచెం కటువుగానే వచ్చింది.

చెల్లెలి మొహం పాలిపోయింది. ఫోన్ తీసి ఏదో వెతికి చదివింది. పరికరం తనంతట తనే, కొన్నవాళ్ళ చేతిలో, మొదటిసారి తెరిచినప్పుడు ఆ మాటల్ని పుట్టించాలట. ముందే రాసిన మాటలతో వచ్చిందంటే ఆ మాటలు ఇంకెవరి దగ్గరో కూడా ఉన్నట్టే. కాయిన్లు అందులో పడటమే ఆలస్యం, వాడు ఊడ్చుకుపోతాడట.

బావగారు పెట్టెని మెల్లిగా వెనక్కి లాక్కుని జేబులో వేసుకున్నాడు. "డిపోకి వెళ్ళి వాడి అంతు చూస్తాను" అని లేచాడు గానీ వెళ్ళలేదు. మళ్ళీ కూర్చున్నాడు. ఆయన్ని అలా సలహా లేకుండా చూడటం చెల్లెలికి పెళ్ళయ్యాక అదే మొదలు. జాలేసి టీ పెట్టింది.

*

బుధవారం మేస్త్రి కొట్టు మూసి చెల్లెలితో బయల్దేరాడు. తాళాల గురించి తప్ప ఆయనకి తెలిసిందేమీ లేదు. కానీ కొనేది తాళమే అయినప్పుడు ఇంకేం తెలియాలి అన్నది ఆయన ధీమా.

మొదటి కొట్టు అద్దాలతో ధగధగలాడుతోంది. నవ్వుమొహం కుర్రాడు కుర్చీలు వేశాడు, చల్లటి నీళ్ళిచ్చాడు, నాలుగు రంగుల్లో నాలుగు రకాలు పరిచాడు. మేస్త్రి ఒక్కటే ప్రశ్న అడిగాడు. "ఇది పోయి, ఆ మాటలు కూడా పోతే ఏంటి గతి?"

"కంగారే అక్కర్లేదు సార్! మీ మాటల కాపీ ఒకటి మా దగ్గర పెట్టుకుంటాం. నెలకి కొంచెం కడితే చాలు. మీరు మర్చిపోయినా మేం తీసిస్తాం."

మేస్త్రి గ్లాసు బల్లమీద పెట్టి లేచాడు. నాలుగో రకం డబ్బా ఇంకా తెరవనేలేదు.

"అన్నయ్యా, పాపం ఎంత బాగా మాట్లాడాడు!" అంది చెల్లెలు వీధిలోకొచ్చాక.

"బాగానే మాట్లాడాడు. ఊలక్కతో కూడా బాగానే మాట్లాడి ఉంటారు."

రెండో కొట్టు ఇరుకు మెట్లెక్కి పైకి వెళితే ఉంది. బోర్డుమీద తయారీ కంపెనీవాళ్ళు అధికారికంగా అమ్మడానికిచ్చిన పత్రం అంటించి ఉంది. లోపల ఒకావిడ ముక్కుమీదకి జారిన కళ్ళజోడుతో ఏదో సర్క్యూటు ముక్కకి టంకం వేస్తోంది. తలెత్తకుండానే "కూర్చోండి" అంది. కుర్చీ ఒక్కటే ఉంది. చెల్లెలు కూర్చుంది. మేస్త్రి అదే ప్రశ్న అడిగాడు.

"రెండూ పోతే పోయినట్టే" అంది టంకం ఆవిడ.

"మీరు తీయలేరా?"

"నేనూ తీయలేను. చేసిన కంపెనీవాళ్ళూ తీయలేరు. తీయగలిగితే అది తాళమెందుకవుతుంది?"

మేస్త్రి మొహం ఆ వారంలో మొదటిసారి విప్పారింది. సంచీ కింద పెట్టాడు. ఇక్కడే కొనాలని అప్పుడే తేల్చేసుకున్నాడు.

ఆవిడ రెండు రకాలు చూపించింది. ఒకటి చవక, దానికి తెర లేదు. రెండోదానికి గోరంత తెర, రెండు బొత్తాలు ఉన్నాయి. "తెర ఉన్నదే తీసుకోండి. కాయిన్లు ఎక్కడికి పంపుతున్నారో ఫోన్‌లోనూ కనిపిస్తుంది, దీని తెరమీదా కనిపిస్తుంది. ఫోన్‌లోకి దొంగ దూరి అక్కడ తప్పు చూపించొచ్చు. దీన్లోకి దూరడం కష్టం. దీనిమీద చదివి, సరిపోతేనే బొత్తం నొక్కాలి."

"తలుపుకి కన్నం పెట్టిస్తారు చూడు, అదే ఇది. ఎవరొచ్చారో చూసుకుని గడియ తీయడానికి" అన్నాడు మేస్త్రి చెల్లెలితో.

టంకం ఆవిడ కళ్ళజోడు పైకి తోసి ఆయన్ని తేరిపార చూసింది. "మీరేం పని చేస్తారు?"

"తాళాలండి."

"అదీ సంగతి!" అని, పెట్టె చెల్లెలి చేతికిచ్చి ఆమెతోనే సీలు చింపించింది. సీలుని నమ్ముకోవద్దనీ, కంపెనీవాళ్ళ ప్రోగ్రాము పెడితే పరికరం అసలుదో కాదో తెలుస్తుందనీ, మాటల కార్డు ఖాళీగా ఉంటేనే ముట్టుకోమనీ చెప్పింది. కార్డు ఖాళీగా ఉంది. గీతలు గీసి, పక్కన ఒకటి నుంచి ఇరవైనాలుగు దాకా అంకెలు మాత్రం వేసి ఉన్నాయి.

మాటలు పుట్టించేటప్పుడు గదిలో ఒంటరిగా కూర్చోమంది ఆవిడ. ఫోటో తీయొద్దంది. "కాగితం నీళ్ళకి నానుతుంది, నిప్పుకి కాలుతుంది. కొందరు ఇనుముమీద కొట్టించుకుంటారు" అంది చివర్లో.

అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

*

గురువారం మధ్యాహ్నం చెల్లెలు తాళాల కొట్టుకి వచ్చింది. మాటలు రాసిన కార్డు రవికలో దాచుకుని, దారంతా గుండెమీద చెయ్యి వేసుకునే నడిచింది. అసలు పరికరం పనిచేస్తుందో లేదోనని రెండు టీల ఖరీదంత కాయిను అందులోకి పంపి చూసుకుంది కూడా. మిగతాది ఇంకా కంపెనీలోనే ఉంది.

మేస్త్రి అప్పటికే అరచేయంత స్టీలు రేకు కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రాచి ఉంచాడు. తాళంచెవులమీద నంబర్లు వేసే ఉక్కు అచ్చుల డబ్బా తెరిచి పెట్టాడు. వేలెడు కడ్డీ కొసన ఒక్కో అక్షరం తిరగేసి చెక్కి ఉంటుంది. నిలబెట్టి నెత్తిన సుత్తితో ఒక్కటేస్తే కింద అక్షరం పడుతుంది.

"నువ్వే కొట్టు అన్నయ్యా. చెయ్యి తిరిగినవాడివి."

"నేను కొడితే నేను చదివినట్టేగా! ఆ కార్డు బయటికి తీయకు. ముందు కొట్టడం నేర్చుకో."

ఒక తుక్కు రేకుని కదలకుండా పట్టే వైసులో బిగించి ఏ నుంచి జెడ్ దాకా కొట్టమన్నాడు. మొదటి దెబ్బకి ఏ పక్కకి ఒరిగింది. రెండో దెబ్బ బొటనవేలి మీద పడింది. చెల్లెలు వేలు నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు తిప్పుకుంది.

"భయపడుతూ కొడితే వేలే దొరుకుతుంది. అల్లేటప్పుడు నీ చెయ్యి ఎలా పోతుందో అలాగే పోనీ. దాని మానాన దాన్ని వదిలెయ్యి" అన్నాడు మేస్త్రి.

ఆ మాట పనిచేసింది. ఆమె భుజాలు కిందికి దిగాయి. సూది పట్టుకున్నట్టే అచ్చుని మూడు వేళ్ళతో పట్టుకుని కొట్టింది. జెడ్ అయ్యాక మేస్త్రి రేకుని వెలుతురుకి పెట్టి, ఒక కన్ను మూసి, అక్షరం అక్షరం లోతు చూశాడు. వేలితో తడిమాడు. "సరిపోయింది. మొదటి నాలుగక్షరాలు కొడితే మాటేదో పరికరమే పోల్చుకుంటుందన్నావుగా, కానియ్యి" అని తుక్కు రేకుని డబ్బాలోకి విసిరి, స్టూలు గుమ్మం దగ్గరికి లాక్కుని వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

వెనకాల దెబ్బలు మొదలయ్యాయి. నాలుగు దెబ్బలు, ఆగింది. నాలుగు, ఆగింది. మూడే. అంటే మూడక్షరాల మాట! మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. చూడకపోతే ఏం, చెవులు లెక్కపెడుతూనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా శబ్దంతోనే తాళాలు తీసిన చెవులవి, ఆగమంటే ఆగుతాయా? లేచి వెళ్ళి తాళంచెవులు కోసే మిషను ఆన్ చేశాడు. కోయడానికి అందులో ఏమీ లేదు. ఉత్త చక్రం గుర్రుమని తిరుగుతూంటే వచ్చి మళ్ళీ వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

ఇంతలో ఒకాయన స్కూటరు తాళంచెవి పట్టుకుని వచ్చాడు. "ఇవాళ కొట్టు కట్టేశాం" అన్నాడు మేస్త్రి.

"లోపల మిషను తిరుగుతోందిగా!"

"తిరుగుతుంది. దానిష్టం."

ఆయన ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. ఒక బేరం పోయినందుకు మేస్త్రికి పిసరంత బాధ కూడా కలగలేదు.

గంట తర్వాత చెల్లెలు మిషను ఆపేసింది. రేకుని గుడ్డలో చుట్టేసింది. ఉబ్బిన బొటనవేలు, నుదుటిమీద చెమట, మొహంనిండా వెలుగు. "అయిపోయింది అన్నయ్యా! కార్డు కూడా కాల్చేశాను. టీ స్టవ్ మీదే."

మేస్త్రి స్టవ్ వైపు చూశాడు. తాళం వేసి, తీసి చూపించకుండా ఆయన ఎప్పుడూ కూలి తీసుకోలేదు. "తీసి చూడకుండానే కాల్చేశావా?" అన్నాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ముగ్గురూ తాళాల కొట్టులో ఉన్నారు. బావగారు సెలవు పెట్టి వచ్చాడు. సగం ధరకి పరికరం ఇప్పించినవాడు డిపో ముందు వేసుకున్న బల్లతో సహా మాయమైపోయాడని, తనలాంటివాళ్ళు ఇంకా ముగ్గురున్నారని, వాళ్ళందరికీ తానే వెళ్ళి చెప్పొచ్చానని అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు తల దించుకోలేదు. అది మేస్త్రికి నచ్చింది.

"ఇంక ఆలస్యం ఎందుకు, పంపేస్తాను" అంది చెల్లెలు ఫోన్ పట్టుకుని.

"ముందు పరికరాన్ని తుడిచెయ్యి. ఖాళీ చేసి, నీ రేకు చూసి మళ్ళీ తెరువు. తెరుచుకుంటే పంపు."

"ఐదింటికి మూసేస్తారన్నయ్యా! తర్వాత చూసుకోవచ్చుగా?"

"రెండు టీల డబ్బున్నప్పుడే చూడాలి. నాలుగేళ్ళ కష్టం లోపల పెట్టాక చూడకూడదు" అన్నాడు మేస్త్రి. మొండికేస్తే ఆయన్ని కదపడం ఎవరి తరమూ కాదు. చెల్లెలు పళ్ళు కొరుకుతూ పరికరాన్ని తుడిచేసింది. అన్న వీధివైపు, మొగుడు గోడవైపు తిరిగారు. ఆమె రేకు విప్పి, రెండు బొత్తాలతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టసాగింది. ఇరవైనాలుగో మాట అయ్యేసరికి రెండు కావస్తోంది.

"అన్నయ్యా" అంది. ఆ గొంతు విని ఇద్దరూ గిరుక్కున తిరిగారు. ఆమె రేకుని ఒడిలో బోర్లా పెట్టేసుకుంది. గోరంత తెరమీద, మాటలు సరిగ్గా లేవని ఉంది.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. ఒక్కో అక్షరం వేలితో తడిమి చూసుకుంది. తప్పుగా పడిందేమీ లేదంది. పోనీ వేరే మాటలు పుట్టించి మళ్ళీ మొదలుపెడదామన్నాడు బావగారు.

"వద్దు! ఎక్కడ తప్పు చేశానో తెలీకుండా మళ్ళీ చేస్తే మళ్ళీ అదే తప్పు చేస్తాను. నా వల్ల కాదు. కంపెనీలోనే ఉండనీ. పోతే పోతాయి, ఉంటే ఉంటాయి" అని చెల్లెలు మొహం కప్పుకుని ఏడ్చేసింది. బొటనవేలు నల్లగా కమిలి ఉంది. గది వద్దు, మిషనూ వద్దు, వంటింటి బల్లే నయం అంది.

మేస్త్రి బల్ల దగ్గరికి వచ్చాడు. తీసి చూడమని పట్టుబట్టింది తనే. రేకు చూడటానికి లేదు. చూడకుండా తప్పెలా పడతాడు? చేతులు ఊరికే ఉండలేక తుక్కు డబ్బా కెలికాడు. నిన్న సాధన చేసిన రేకు చేతికొచ్చింది. దీన్ని చూడొచ్చు, ఇందులో రహస్యమేమీ లేదు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. నిన్న లోతు ఒక్కటే చూశాడు. ఇవాళ చదివాడు.

మొదటి వరుస ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ. బాగానే ఉంది. జీ కింద హెచ్ ఉంది. హెచ్‌కి ఎడమపక్కన ఐ. దానికి ఎడమపక్కన జే. రెండో వరుస మొత్తం కుడినుంచి ఎడమకి నడిచింది. మూడోది మళ్ళీ ఎడమనుంచి కుడికి.

"ఒసే పిచ్చిదానా! నువ్వు రాయలేదే, అల్లావు!" అన్నాడు.

చెల్లెలు కళ్ళు తుడుచుకుని చూసింది. క్రోషేలో వరుస చివరికొస్తే దారం తెంపరు. పనిని తిప్పి, ఆగినచోటి నుంచే వెనక్కి అల్లుకుంటూ వస్తారు. ఇరవై ఏళ్ళుగా ఆమె చెయ్యి అలాగే పోతోంది. అల్లేటప్పుడు ఎలా పోతుందో అలాగే పోనీ అన్నది తానేనని మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. కొట్టేటప్పుడు ఒక్కో మాటని సవ్యంగానే కొట్టినా, మాటల వరసని చెయ్యి అల్లింది. చదివేటప్పుడు కళ్ళు పుస్తకం చదివినట్టు చదివాయి.

"తిరగండి, ఇద్దరూ అటు తిరగండి!" అంది చెల్లెలు.

ఈసారి వరుస చివరికి రాగానే తిప్పుకుంటూ కొట్టింది. బావగారు గోడవైపు తిరిగే ఉండి, డిపోలో బస్సుల్ని పంపినట్టు టైము చెబుతున్నాడు. "మూడూ పది... మూడూ ఇరవై..." మూడున్నర కాకముందే వెనకనుంచి చిన్న కేక వినిపించింది. రెండు టీల డబ్బు తెరమీద భద్రంగా ఉంది.

నాలుగేళ్ళ కష్టాన్ని పంపడానికి ఎంతోసేపు పట్టలేదు. చిరునామా ఫోన్‌లో చూసింది, పరికరం తెరమీద చూసింది, రెండూ అక్షరం అక్షరం పోల్చి కంపెనీ నుంచి పంపింది. తర్వాత ముగ్గురూ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నారు. నాలుగూ ఇరవైకి కాయిన్లు వచ్చి పడ్డాయి. బావగారు ఈల వేశాడు, డిపోలో వేసే ఈలే.

"రేకు ఇలాగే ఉండనీ అన్నయ్యా. దొంగ చూసినా వాడికి అర్థం కాదు" అంది చెల్లెలు.

"పదేళ్ళు పోతే నీకూ అర్థం కాదు" అని మేస్త్రి డబ్బాలోంచి బాణం గుర్తు అచ్చు తీసి ఇచ్చాడు. "ప్రతి వరుస మొదట్లో ఎటు పోవాలో ఒక్కటెయ్యి." తను మళ్ళీ స్టూలు లాక్కుని వీధివైపు తిరిగాడు. ఈసారి మిషను వేయలేదు. ఆరు వరుసలకి ఆరే దెబ్బలు.

*

శనివారం పొద్దున అడ్వాన్సుకి సరిపడా మాత్రం వేరే కంపెనీ ద్వారా అమ్మి ఓనరుకి కట్టేసింది చెల్లెలు. తర్వాత ఊలక్క ఇంటికెళ్ళి ఆమెని వెంటబెట్టుకొచ్చింది.

"కౌంటరులో నువ్వే కూర్చో అక్కా. ఊలు నువ్వు అమ్ము, వెనక కిటికీ దగ్గర నేను అల్లుకుంటాను. అద్దె చెరిసగం" అంది.

ఊలక్క గదిలోకి అడుగుపెట్టింది. ఖాళీ అరలవైపు చూస్తూ నిలబడింది. తర్వాత చేతిసంచీలోంచి గుడ్డమూట తీసి మేస్త్రి ముందు పెట్టింది. "ఇవి మళ్ళీ బిగించాలి మేస్త్రిగారూ" అంది. "సోమవారం ఫోన్ మాత్రం చేస్తూనే ఉంటాను. వాళ్ళని వదలను."

"చెయ్యండి. ఇక్కణ్ణుంచే చెయ్యండి. సంగీతం అందరం వింటాం" అన్నాడు మేస్త్రి.

సోమవారం ఊడదీసిన మూడు తాళాలూ శనివారం అవే కన్నాల్లో బిగించాడు. తుప్పు స్క్రూ పారేసి కొత్తది వేశాడు. ఒక్కోటీ వేసి, తీసి చూపించాడు. చెవులన్నీ లెక్కపెట్టి, సగం ఊలక్క అరచేతిలో, సగం చెల్లెలి అరచేతిలో పెట్టాడు.

ఆయన సంచీ సర్దుకుంటుంటే చెల్లెలు ఒక నీలం ఊలు సంచీ చేతిలో పెట్టింది. అరచేయంత ఉంది, బరువుగా ఉంది. లోపలున్నది స్టీలు రేకని తెలుస్తూనే ఉంది.

"పరికరం ఇంట్లో ఉంటుంది. ఇది నీ ఇనప్పెట్టెలో పెట్టు అన్నయ్యా. రెండూ ఒకేచోట ఉండకూడదట."

మేస్త్రి మొహం ముడుచుకుంది. "నా సంగతి నీకు తెలుసు. ఎవరి తాళంచెవీ నేను ఉంచుకోను."

"తెలిసే చేశాను. ముందు దాన్ని చూడు."

ఆయన సంచీని అటూ ఇటూ తిప్పాడు. మూత లేదు. కుట్టు లేదు. రేకు లోపల పెట్టి చుట్టూ అల్లేసింది. ముడి ఎక్కడుందో వెతికాడు. గోరుతో అంచులు తడిమాడు, వెలుతురుకి పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. ముప్పై ఏళ్ళలో దారి దొరకని తాళం ఆయన చూడలేదు. దీనికి దొరకలేదు.

"కోస్తే తప్ప రాదు" అంది చెల్లెలు. "కోస్తే మళ్ళీ అలా అల్లడం నాకొక్కదానికే వచ్చు. నువ్వు చూడాలనుకున్నా నాకు తెలియకుండా చూడలేవు. ఇంక నీకు భయమేంటి?"

మేస్త్రి సంచీని ఇంకోసారి అరచేతిలో తూచి చూశాడు. ఇన్నేళ్ళూ ఎంతమందో నమ్మకంతో ఇవ్వబోయారు. ఆ నమ్మకమే ఆయన్ని భయపెట్టేది. ఇది అలాంటిది కాదు. చెల్లెలు ఆయన్ని నమ్ముకోవలసిన అవసరం లేకుండా చేసి, అప్పుడు నమ్మింది.

సంచీ పట్టుకుని తన కొట్టులోకి వెళ్ళి ఇనప్పెట్టె తెరిచాడు. పైఅరలో కాగితాలు పక్కకి జరిపి నీలం సంచీకి చోటు చేశాడు. తలుపు మూసి తాళం వేసి, రెండుసార్లు లాగి చూశాడు. పక్కగదిలో ఊలక్క అట్టపెట్టెల తాళ్ళు కోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.